పల్చటి షూ, ‘సహజమైన’ పరుగు: గాయాలు తగ్గుతాయా, చోటు మారతాయా?

ఏడాదిపాటు వాడిన రన్నింగ్ షూని తిరగేసి చూస్తే చాలామందికి ఒకటే కనిపిస్తుంది. మడమ దగ్గర, బయటి అంచున రబ్బరు అరిగి నున్నగా అయిపోయి ఉంటుంది. వేళ్ల వైపు గాడులు మాత్రం ఇంకా కొత్తగానే ఉంటాయి. అంటే ఆ మనిషి పరిగెత్తేటప్పుడు ముందుగా నేలకి ఆనేది మడమే. మోకాలు నొప్పి అని చెప్పుకుంటే ఈ అరుగుదల చూపించి, “అదిగో, మడమ మీద దిగుతున్నావు, నొప్పి రాక ఏమవుతుంది? ఈ మందపాటి షూ పక్కన పడేసి పల్చటివి వేసుకో, ముంగాలి మీద దిగు” అనేవాళ్లు తప్పకుండా దొరుకుతారు. వాళ్ల పక్కనే ఇంకొకరు, “అలాంటి ప్రయోగాలు వద్దు, ఇంకాస్త మెత్తటి కుషన్ ఉన్నవి కొనుక్కో” అంటారు.

ఇద్దరూ స్వానుభవంతోనే చెబుతారు. ఇద్దరికీ మద్దతుగా పరిశోధనలూ ఉన్నాయి. నేను మొదటివాళ్ల మాట విన్నాను. మోకాలి నొప్పి రెండు వారాల్లో తగ్గింది. నాలుగో వారంలో ఒక పొద్దున మెట్లు దిగబోతే మడమ వెనక నరం కర్రలా బిగుసుకుపోయి ఉంది. రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ దిగాను. నొప్పి పోలేదు, ఇల్లు మారింది. ఎందుకిలా అయిందో తెలుసుకోవాలని చదవడం మొదలుపెడితే, ఈ చర్చంతా తిరిగేది ఆ ఇల్లు మారడం చుట్టూనే అని అర్థమైంది.

## ముందు మాటలు తేల్చుకుందాం

పాదం నేలకి ఆనే తీరు మూడు రకాలు. మడమ ముందు తాకితే మడమ పరుగు. పాదం మొత్తం దాదాపు ఒకేసారి ఆనితే మధ్యపాదం పరుగు. వేళ్ల వెనక ఉండే దిండులాంటి భాగం ముందు తాకి, ఆ తర్వాత మడమ మెల్లగా దిగితే ముంగాలి పరుగు. మడమ అసలు నేలకి తగలకుండా మునివేళ్ల మీద పరిగెత్తడం వేరే సంగతి. అది వంద మీటర్ల పరుగువాళ్లది.

‘సహజమైన పరుగు’ అని ప్రచారంలో ఉన్నదానికి ఒకే నిర్వచనం లేదు. ఆ మాట వాడేవాళ్లు మామూలుగా చెప్పేవి ఇవీ: అడుగు చిన్నదిగా, చకచకా పడాలి. పాదం ఒంటికి చాలా ముందుకి చాచి కాకుండా, దాదాపు ఒంటి కిందే దిగాలి. మోకాలు కాస్త వంగి ఉండాలి. ముంగాలో, మధ్యపాదమో ముందు తాకాలి. వీటిలో ప్రతిదీ విడి విషయం. అడుగు పొడవు తగ్గించినా మడమ మీద దిగేవాళ్లుంటారు. ఈ నాలుగింటినీ ఒకే మూటగా కట్టి ‘ఫామ్’ అనడం వల్లే సగం గందరగోళం.

ఇక మినిమల్ షూ, అంటే ఈ పల్చటి షూ. 2015లో పలు దేశాల నిపుణులు కలిసి దీనికి ఒక నిర్వచనం ఇచ్చారు. పాదం సహజంగా కదలడానికి వీలైనంత తక్కువ అడ్డుపడే షూ అని దాని సారాంశం. తేలిగ్గా ఉండాలి, సులువుగా వంగాలి, అట్ట పల్చగా ఉండాలి, పాదాన్ని లోపలికి వాలకుండా ఆపే ఏర్పాట్లు ఉండకూడదు, హీల్ డ్రాప్ తక్కువగా ఉండాలి. డ్రాప్ అంటే మడమ కింద మందానికీ, ముంగాలి కింద మందానికీ తేడా. మడమ కింద 30 మిల్లీమీటర్లు, ముందు 20 ఉంటే డ్రాప్ 10. మామూలు రన్నింగ్ షూలో ఇది 8 నుంచి 12 దాకా ఉంటుంది. మినిమల్ వాటిలో సున్నాకి దగ్గరగా ఉంటుంది.

పల్చటి షూ, ఉత్త కాళ్లు ఒకటి కావని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఉత్త కాలితో గట్టి నేల మీద మడమ మోదితే చర్మమే హెచ్చరిస్తుంది, రెండో అడుగుకే దిగే తీరు మారిపోతుంది. పల్చటి అట్ట ఉన్నా ఆ హెచ్చరిక కొంత మొద్దుబారుతుంది. దాంతో కొందరు కుషన్ లేని షూ వేసుకుని కూడా పాత అలవాటు ప్రకారం మడమ మీదే దిగుతూ ఉంటారు. మడమకి అన్నిటికంటే గట్టిగా దెబ్బ తగిలేది ఇలాంటప్పుడే.

## ఒక్క అడుగుని దగ్గర నుంచి చూస్తే

చిన్న గోడ మీంచి కిందకి దూకినట్టు ఊహించుకోండి. మడమల మీద పడితే ధబ్బుమని వెన్ను దాకా అదురుతుంది. ముంగాళ్ల మీద పడితే చీలమండలు, మోకాళ్లు వంగి దెబ్బని మింగేస్తాయి. చప్పుడు తక్కువ, అదురు తక్కువ. కానీ ఆ మింగే పని చేసింది పిక్కలు. పది పదిహేనుసార్లు దూకాక అవే పట్టేస్తాయి.

పరుగులో ప్రతి అడుగూ ఇలాంటి చిన్న దూకుడే. పాదం నేల మీద ఉన్న ఆ పావు సెకనులో నేల మన ఒంటి బరువుకి రెండు నుంచి మూడు రెట్ల బలంతో తిరిగి తోస్తుంది. మడమతో దిగేవాళ్లలో ఈ బలం గ్రాఫులో మొదట్లోనే సూదిమొనలాంటి ఒక శిఖరం కనిపిస్తుంది. తాకిన క్షణంలోనే వచ్చే గుద్దు అది. హార్వర్డ్‌లో పనిచేసే డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో ‘నేచర్’లో ప్రచురించిన పరిశోధన, అలవాటుగా ఉత్త కాళ్లతో పరిగెత్తేవాళ్లు ఎక్కువగా ముంగాలి మీద దిగుతారనీ, వాళ్లలో ఈ మొదటి శిఖరం దాదాపు మాయమవుతుందనీ చూపించింది. పల్చటి షూ ఉద్యమానికి శాస్త్రం వైపు నుంచి పెద్ద బలం ఇదే.

అయితే ఆ గ్రాఫులో రెండో శిఖరం ఒకటుంది. మొదటిదానికంటే పెద్దది, నిదానంగా లేచేది. ఒంటి బరువంతా పాదం మీదుగా దాటేటప్పుడు వచ్చేది. అది మడమతో దిగినా ముంగాలితో దిగినా ఉంటుంది. ఆ భారాన్ని ఎవరో ఒకరు మోయాల్సిందే. మడమ పరుగులో మోకాలు, తొడ ముందు కండరం ఎక్కువ మోస్తాయి. ముంగాలి పరుగులో చీలమండ, పిక్క, అకిలిస్ టెండన్ మోస్తాయి. ఈ చివరిదాన్ని వాడుకలో మడమ వెనక నరం అంటాం గానీ అది నరం కాదు. పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టిపడేసే తాడు. పరుగులో దాని మీద పడే లాగుడు ఒంటి బరువుకి చాలా రెట్లు. డ్రాప్ తగ్గినకొద్దీ మడమ ఇంకా కిందకి దిగుతుంది, ఆ తాడు ఇంకాస్త సాగాలి.

లెక్క వేసి చూద్దాం. 65 కిలోల మనిషి 10 కిలోమీటర్లు గంటలో పరిగెత్తుతున్నాడు, నిమిషానికి 160 అడుగులు వేస్తున్నాడు అనుకుందాం. మొత్తం 9,600 అడుగులు, ఒక్కో కాలికి 4,800. ఒంటి బరువుకి రెండున్నర రెట్లు అనుకున్నా, ప్రతిసారీ దాదాపు 160 కిలోల భారం. వారానికి మూడు రోజులు పరిగెత్తితే ఒక కాలు ఆ భారాన్ని 14,400 సార్లు మోస్తుంది. ఇప్పుడు ఈ మనిషి ఒక సోమవారం పొద్దున పల్చటి షూ వేసుకుని ముంగాలి పరుగుకి మారాడు. నిన్నటిదాకా మోకాలు మోసిన పనిలో కొంత భాగం, అన్ని వేలసార్లు, ఇంతకాలం దిండు చాటున ఉన్న పిక్క మీదికి ఒక్కసారిగా వచ్చి పడింది. నాకు జరిగింది ఇదే.

## ‘మనిషి పుట్టిందే ఉత్త కాళ్లతో’ అనే వాదన

మెత్తటి దిండుతో, ఎత్తైన మడమతో ఉన్న రన్నింగ్ షూ 1970ల తర్వాతి సంగతి. మనిషి లక్షల ఏళ్లుగా పరిగెత్తుతున్నాడు. మనిషి శరీరం దూరాలు పరిగెత్తడానికి అనువుగా పరిణామం చెందిందని లీబర్‌మన్, డెన్నిస్ బ్రాంబుల్ 2004లోనే ప్రతిపాదించారు. ఒక్కో పాదంలో 26 ఎముకలు, వాటిని పట్టి ఉంచే వంపు, నొక్కితే శక్తి దాచుకుని వదిలితే తిరిగిచ్చే స్ప్రింగు లాంటి నిర్మాణం. అలాంటిదాన్ని దిండు మీద పడుకోబెడితే బలహీనపడుతుందన్నది ఈ వాదన. వినడానికే కాదు, ఆలోచించినా ఇందులో న్యాయం ఉంది. మినిమల్ షూతో నెలల తరబడి నడిచినవాళ్ల పాదాల కండరాలు బలపడ్డాయని చూపిన ప్రయోగాలూ ఉన్నాయి.

ఈ వాదనలో తరచూ వినిపించే పేరు ఇథియోపియాకి చెందిన అబెబె బికిలా. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని ఆయన ఉత్త కాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచారు. అదే బికిలా 1964లో టోక్యోలో షూ వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచారు. మొదటి పరుగుని చెప్పేవాళ్లు రెండోదాన్ని మర్చిపోతుంటారు. నిజానికి ఏదో ఒకదాన్ని పట్టుకుని షూ మంచిదనో చెడ్డదనో తేల్చలేం. ఆయన పాదాలు చిన్నప్పటి నుంచీ తయారైన పాదాలు.

ఉత్త కాళ్లవాళ్లంతా ముంగాలి మీదే దిగుతారన్న నమ్మకానికి 2013లో పెద్ద ప్రశ్న ఎదురైంది. ఉత్తర కెన్యాలో చెప్పులు లేకుండా పెరిగిన దాసనాచ్ తెగవాళ్లు 38 మందిని పరిశీలిస్తే, తమకి వీలైన వేగంతో నిదానంగా పరిగెత్తేటప్పుడు 72 శాతం సార్లు మడమే ముందు తాకింది. వేగం పెంచినప్పుడు ఆ వాటా తగ్గింది. ఇంకోవైపు, 2004లో సప్పోరో హాఫ్ మారథాన్‌లో 15వ కిలోమీటరు దగ్గర వీడియో తీస్తే, పోటీలో ముందున్న మేటి పరుగువాళ్లలో కూడా దాదాపు నాలుగింట మూడు వంతుల మంది మడమతోనే దిగుతున్నారు. వేగాన్ని బట్టి, నేలని బట్టి, అలవాటుని బట్టి పాదం దిగే తీరు మారుతుందే తప్ప, ఒకే తీరు ‘సహజం’ అనడానికి ఆధారం బలంగా లేదు.

అమ్మకాల మాటలు శాస్త్రాన్ని దాటిపోయిన సందర్భమూ ఒకటుంది. ఐదు వేళ్లు విడివిడిగా ఉండే పల్చటి పాదరక్షలు తయారుచేసే వైబ్రమ్ సంస్థ మీద, ఆరోగ్య లాభాల గురించి తగిన ఆధారం లేకుండా ప్రచారం చేసిందని అమెరికాలో దావా పడింది. తప్పు ఒప్పుకోకుండానే 2014లో ఆ సంస్థ 37.5 లక్షల డాలర్లతో రాజీకి వచ్చింది. దీన్నిబట్టి ఆ పాదరక్షలు హానికరమని తేలిపోలేదు. గాయాలు తగ్గిస్తాయని చెప్పుకోవడానికి అప్పటికి చాలినంత రుజువు లేదన్నదే వివాదం.

## పరుగువాళ్లని పోల్చి చూసిన ప్రయోగాలు

ముంగాలి పరుగు వైపున్న ఆధారంతో మొదలుపెడదాం. 2012లో హార్వర్డ్ క్రాస్ కంట్రీ జట్టులోని 52 మంది గాయాల రికార్డులు చూస్తే, మడమతో దిగేవాళ్లకి పదేపదే ఒత్తిడి వల్ల వచ్చే గాయాలు ముంగాలి వాళ్లకంటే దాదాపు రెట్టింపు వచ్చాయి. ఇది గట్టి సూచనే. కానీ వీళ్లు ఎప్పటినుంచో తమ తీరులోనే పరిగెత్తుతున్నవాళ్లు. ఒక తీరు నుంచి ఇంకోదానికి మారితే ఏమవుతుందో ఈ లెక్క చెప్పదు.

ఆ ప్రశ్నకి జవాబు 2013 నాటి ఒక ప్రయోగంలో కొంత దొరుకుతుంది. అనుభవమున్న 36 మంది పరుగువాళ్లని రెండుగా విడదీసి, ఒక జట్టుని 10 వారాల్లో మెల్లగా పల్చటి షూకి మార్చారు. ముందూ తర్వాతా పాదాలకి ఎంఆర్ఐ తీశారు. మారిన 19 మందిలో 10 మందికి ఎముక లోపల మూలుగలో వాపు పెరిగింది. మారని 17 మందిలో అలా అయింది ఒక్కరికే. ఎముకలో వాపంటే పగులు కాదు, కానీ ఆ దారిలో పడిన అడుగు.

2014లో 103 మందితో 12 వారాలపాటు చేసిన ప్రయోగంలో ఇంకో విచిత్రం కనిపించింది. మామూలు షూ, సగం మినిమల్, పూర్తి మినిమల్ అని మూడు జట్లు. ఎక్కువ గాయాలు సగం మినిమల్ వాళ్లకే అయ్యాయి: మామూలు షూలో 4, సగం మినిమల్‌లో 12, పూర్తి మినిమల్‌లో 7. పూర్తి పల్చటి షూ వాళ్లు మాత్రం పిక్కలోనూ, మోకాలి కింద కాలి ముందువైపు ఎముకలోనూ నొప్పి ఎక్కువగా చెప్పారు. అటూ ఇటూ కాని షూ ఎందుకు ఎక్కువ దెబ్బతీసిందో ఆ ప్రయోగం తేల్చలేదు. కుషన్ ఉందనే భరోసాతో పాత తీరులోనే పరిగెత్తి ఉంటారన్నది ఒక ఊహ. నాకు అది నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది.

ఒంటి బరువు సంగతి 2017లో బయటపడింది. 61 మందిని 26 వారాలు గమనించిన ఈ ప్రయోగంలో బరువు పెరిగినకొద్దీ పల్చటి షూతో గాయం అయ్యే అవకాశం పెరిగింది. సుమారు 71 కిలోలు దాటినవాళ్లలో ఆ తేడా స్పష్టంగా ఉంది.

ఇక మెత్తదనం వైపు వాదన. 2020లో 848 మందికి పైకి ఒకేలా కనిపించే షూలే ఇచ్చారు. కొన్నింటి కుషన్ మెత్తన, కొన్నింటిది గట్టి. ఏ జత ఎవరికి వచ్చిందో వాళ్లకి తెలియదు. ఆరు నెలల్లో గట్టి షూ వాళ్లకి గాయాల ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంది. మెత్తదనం వల్ల లాభపడింది బరువైనవాళ్లు కాదు, తేలికైనవాళ్లు. షూ దుకాణాల్లో వినిపించే సలహాకి ఇది సరిగ్గా ఎదురు.

ఇలాంటి ప్రయోగాల్ని ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష 2022లో వచ్చింది. 12 ప్రయోగాలు, 11 వేల మందికి పైగా మనుషులు. ఒక రకం షూ ఇంకోదానికంటే గాయాల్ని తగ్గిస్తుందని గట్టిగా చెప్పడానికి తగిన రుజువు లేదన్నది దాని తేల్పు. పాదం ఆకారాన్ని బట్టి షూ ఎంచి ఇవ్వడం వల్ల కూడా పెద్ద తేడా కనిపించలేదు.

## ఎముకకి ఎందుకంత సమయం కావాలి

“మెల్లగా మారాలి” అని అందరూ అంటారు. ఎంత మెల్లగా అన్నది ఒంట్లోని పదార్థాన్ని బట్టి ఉంటుంది. కండరం వారాల్లో పుంజుకుంటుంది. పిక్కల నొప్పి మూడో వారానికి తగ్గిపోయి, ఇక అలవాటైపోయిందని ధైర్యం వస్తుంది. టెండన్‌కి రక్త ప్రసారం తక్కువ, దానికి నెలలు పడుతుంది.

ఎముకది ఇంకో కథ. కొత్త భారం పడినప్పుడు ఎముక మొదట తన పాత పదార్థాన్ని కొంత తవ్వి తీసేస్తుంది, ఆ తర్వాతే కొత్తది నింపుతుంది. పాత గోడని చెక్కి కొత్త సిమెంటు పూసినట్టు. తవ్వకం వారాల్లో అయిపోతుంది, నింపడానికి నెలలు కావాలి. మధ్యలో ఒక దశలో ఆ ఎముక మొదటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే కండరం బాగుంది కదా అని దూరం పెంచితే, వేళ్లకి వెనకున్న సన్నటి పొడవాటి ఎముకల్లో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే ఒత్తిడితో వచ్చే సన్నటి పగులు, రావచ్చు. పది వారాలు జాగ్రత్తగా మారినా సగం మందికి ఎముకలో వాపు కనిపించడాన్ని ఈ కోణంలో చూస్తే ఆశ్చర్యం అనిపించదు.

## షూ మార్చకుండా అడుగు మారిస్తే

‘సహజ పరుగు’ మూటలో ఆధారం బాగా ఉన్న ముక్క అడుగు పొడవు. 2011లో ఒక పరిశోధనలో, వేగం మార్చకుండా నిమిషానికి వేసే అడుగుల సంఖ్యని 5 శాతం పెంచితే మోకాలు చేసే పని తగ్గింది. 10 శాతం పెంచితే తుంటిదీ తగ్గింది. మన 65 కిలోల మనిషినే తీసుకుందాం. 160 అడుగులు 170 అయితే, అడుగు పొడవు 104 సెంటీమీటర్ల నుంచి 98కి తగ్గుతుంది. అంటే ఆరు సెంటీమీటర్లు. పక్కనుంచి చూసేవాళ్లకి తేడా తెలియదు. అడుగులు మాత్రం గంటలో 600 పెరుగుతాయి. ఎక్కువసార్లు, ఒక్కోసారి తక్కువ భారం. పాదం ఒంటికి దగ్గరగా దిగడమే ఇక్కడ కీలకం.

నిమిషానికి 180 అడుగులు ఉండాలన్న సూత్రం 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ మేటి క్రీడాకారుల అడుగుల్ని లెక్కపెట్టడంతో ప్రచారంలోకి వచ్చింది. పోటీ వేగంలో ఉన్నవాళ్ల లెక్క అది. నిదానంగా పరిగెత్తేవాళ్లకీ, పొడుగు కాళ్లవాళ్లకీ అదే అంకె వర్తించాలని ఏమీ లేదు.

2018లో 320 మంది కొత్త పరుగువాళ్లలో సగం మందికి రెండు వారాల్లో ఎనిమిదిసార్లు, ట్రెడ్‌మిల్ మీద తమ అడుగు ఎంత గట్టిగా తాకుతోందో తెర మీద చూసుకుంటూ, మెత్తగా దిగడం నేర్పించారు. ఏడాదిలో వాళ్లలో 16 శాతం మందికి గాయాలయ్యాయి. నేర్పనివాళ్లలో 38 శాతం మందికి. ఎవరికీ పల్చటి షూ ఇవ్వలేదు. ఇంత మంచి ఫలితంలో కూడా గమనించాల్సింది ఒకటుంది. నేర్చుకున్నవాళ్లలో మోకాలి నొప్పులు, మడమ కింది నొప్పులు తగ్గాయి గానీ, పిక్క, అకిలిస్ ఇబ్బందులు వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. మళ్లీ అదే, ఇల్లు మారడం.

## ఒకే సలహా ఇద్దరికి ఇస్తే

ఒకరికి మోకాలి చిప్ప చుట్టూ ఏళ్లుగా నొప్పి, పిక్కలు గట్టివి, బరువు తక్కువ. ఇంకొకరికి మోకాళ్లు బాగానే ఉన్నాయి, అకిలిస్ మాత్రం రెండుసార్లు వాచింది. మొదటి మనిషికి చిన్న అడుగు, తక్కువ డ్రాప్ వల్ల మేలు జరిగే అవకాశం ఉంది. రెండో మనిషికి అదే సలహా పాత గాయాన్ని తిరగదోడవచ్చు. ఈయనకి మడమ ఎత్తుగా ఉన్న షూయే ఊరట. సుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ల విషయం పూర్తిగా వేరు. ఉత్త కాళ్ల వాదనంతా పాదం ఇచ్చే హెచ్చరిక మీదే నిలబడింది. ఆ హెచ్చరికే అందనప్పుడు పల్చటి అట్ట ప్రమాదకరం.

అసలు గాయాలు ఇప్పటిదాకా లేనివాళ్లు తీరు మార్చుకోవాలా అన్న ప్రశ్నకి, అవసరం ఉందనడానికి నాకు ఎక్కడా ఆధారం కనిపించలేదు.

## ఈ గొడవలో వెనక్కి పోయిన విషయాలు

2025లో 5,200 మందికి పైగా పరుగువాళ్ల వాచీల్లోని వివరాలు విశ్లేషించిన ఒక పరిశోధన, గత 30 రోజుల్లో చేసిన అత్యంత పొడవైన పరుగుకంటే ఒక్కరోజులో 10 శాతానికి మించి ఎక్కువ పరిగెత్తినప్పుడు గాయం ముప్పు పెరుగుతుందని చూపింది. నెలరోజుల్లో 10 కిలోమీటర్లు దాటనివాళ్లు ఆదివారం ఉత్సాహంగా 14 పరిగెత్తడం అన్నమాట. షూ ఏదైనా ఈ లెక్క వర్తిస్తుంది. కొత్త షూ, కొత్త తీరు వచ్చిన సంబరంలో జనం చేసేది కూడా సరిగ్గా ఇదే.

పాదం బలం గురించి పల్చటి షూ వాళ్లు చెప్పేదాంట్లో సత్తా ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. దాన్ని షూతో ముడిపెట్టకుండా పరీక్షించినవాళ్లున్నారు. 2020లో బ్రెజిల్ పరిశోధకులు 118 మంది పరుగువాళ్లని తీసుకుని, ఒక జట్టుకి పాదాలు, చీలమండల కండరాలకి వ్యాయామాలు నేర్పారు. ఇంకో జట్టుకి మామూలు సాగదీసే వ్యాయామాలు ఇచ్చారు. ఏడాదిలో రెండో జట్టుకి గాయాల ముప్పు మొదటి జట్టుకంటే సుమారు 2.4 రెట్లు ఉంది. పాదం ఎలా దించాలో ఎవరికీ చెప్పలేదు. మేలు కనిపించడం మొదలైంది నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్యలో. నేను పల్చటి షూకి ఇచ్చిన గడువు నాలుగు వారాలు.